నరాల నొప్పికి ప్రత్యామ్నాయ చికిత్సలు, సప్లిమెంట్లు: ఒక్కొక్కటిగా, లెక్క రాసుకుంటూ ప్రయత్నించే పద్ధతి

రాత్రి పదకొండు దాటాక అమ్మ కాళ్లకు మంటలు మొదలయ్యేవి. పగలంతా ఏదో ఒక పనిలో పడి నెట్టుకొచ్చేది గానీ, పడుకుని కళ్లు మూసుకుంటే చాలు, అరికాళ్ల కింద నిప్పులు పరిచినట్టు ఉండేదట. దుప్పటి అంచు బొటనవేలికి తగిలినా ఉలిక్కిపడి లేచి కూర్చునేది. ఒకరోజు ఖాళీ అట్టపెట్టె తీసుకుని, రెండు వైపులా కోసేసి, మంచం చివర ఆమె పాదాల మీద గూడులా నిలబెట్టాను. దుప్పటిని ఆ గూడు మీదుగా కప్పాను. ఆ రాత్రి అమ్మ నాలుగు గంటలు ఏకబిగిన నిద్రపోయింది. అప్పటికి ఆమె సొరుగులో ఏడు రకాల సప్లిమెంట్ డబ్బాలున్నాయి.

ఆ ఏడింటినీ బల్ల మీద పరిచి, లేబుళ్లు చదివి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవడానికి మాకు దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో నేర్చుకున్న క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు. మీ మందులు ఆపమనో మార్చమనో చెప్పడం లేదు. చెప్పదలచుకున్నది ఒక్కటే: ప్రత్యామ్నాయాల్లో కొన్ని నిజంగా పనికొస్తాయి, కొన్ని ఏమీ చేయవు, కొన్ని సాక్షాత్తూ నరాలనే దెబ్బతీస్తాయి. అన్నీ కలిపి ఒకేసారి మింగితే ఏది ఏ కోవలోదో ఎప్పటికీ తెలియదు.

1. ముందు కారణం తేల్చుకోండి

కండరాలు పట్టేసిన నొప్పి వేరు, నరాల నొప్పి వేరు. ఇది ఉన్నవాళ్లు వాడే మాటల్లోనే ఆ తేడా తెలుస్తుంది: మంట, చురుకు, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, కరెంట్ షాక్ కొట్టినట్టు జివ్వుమనడం. నొప్పి ఉన్నచోటే స్పర్శ తక్కువగా ఉండటం, మేజోడు తగిలినా ఓర్చుకోలేకపోవడం కూడా దీని గుర్తులే. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి దీనికి పెద్దగా పనిచేయవు. సంకేతాలు మోసే తీగే దెబ్బతిన్నప్పుడు, వాపు తగ్గించే మాత్ర చేయగలిగింది తక్కువ.

కారణాలు చాలా ఉన్నాయి. షుగర్, బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, మద్యం, కీమోథెరపీ, సర్పి తగ్గాక మిగిలిపోయే మంట, వెన్నులో డిస్క్ నరాన్ని నొక్కడం, మణికట్టులో నరం నలగడం, కిడ్నీ జబ్బు, కుష్ఠు, హెచ్‌ఐవీ. వీటిలో ఒక్కోదానికి దారి ఒక్కోటి. మణికట్టులో నరం నలిగితే రాత్రిపూట కట్టుకునే స్ప్లింట్ మేలు చేస్తుంది, దానికి ఎన్ని విటమిన్లు మింగినా లాభం ఉండదు. అందుకే షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), బి12, థైరాయిడ్, కిడ్నీ, లివర్ పరీక్షలు, సీబీపీ, రక్తంలో ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ (అసాధారణ ప్రొటీన్లు ఉన్నాయేమో చూసే పరీక్ష) వరకైనా చేయించారో లేదో చూసుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నర్వ్ కండక్షన్ టెస్ట్ (నరాల్లో సంకేతాలు ఎలా వెళ్తున్నాయో చూసే పరీక్ష) నార్మల్ వచ్చింది కాబట్టి మీకు ఏమీ లేదని ఎవరైనా అంటే కుంగిపోకండి. ఆ పరీక్ష నరాల్లోని లావు తంతువులనే కొలుస్తుంది. మంటను, వేడిని, సూదిపోటును మోసే సన్నని తంతువులు దానికి అందవు. వాటిని చూడాలంటే 3 మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి చేసే బయాప్సీ ఉంది. రిపోర్ట్ నార్మల్ వచ్చిందన్న కారణంగా మనిషి బాధ అబద్ధమైపోదు.

షుగర్ ఉన్నవాళ్లకు అన్నిటికన్నా పెద్ద చికిత్స షుగర్ అదుపే. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లపై చేసిన డీసీసీటీ అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. గట్టి అదుపులో ఉన్నవాళ్లకు నరాల జబ్బు ముప్పు 60 శాతం తగ్గిందని అందులో తేలింది. టైప్ 2లో లాభం అంత ఎక్కువగా కనిపించదు, అయినా దారి అదే. కాకపోతే మరీ తొందరపడకూడదు. చాలాకాలం ఎక్కువగా ఉన్న హెచ్‌బీఏ1సీ మూడు నెలల్లో 2 పాయింట్లకు మించి ఒక్కసారిగా పడిపోతే, కొందరిలో నరాల మంట కొత్తగా మొదలవుతుంది, లేదా ఉన్నది విపరీతమవుతుంది. ఎంత వేగంగా తగ్గించాలో డాక్టర్‌తో మాట్లాడుకోండి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రెండు తొడల మధ్య స్పర్శ పోవడం, మూత్రం లేదా మలం అదుపు తప్పడం, కాళ్ల నుంచి పైకి పాకుతూ గంటల్లో, రోజుల్లో పెరిగే బలహీనత, ముఖం ఒకవైపు జారడం, మాట తడబడటం, పాదం మీద మానని పుండు. వీటిలో ఏదీ రేపటిదాకా ఆగదు.

2. రెండు వారాలు ఏమీ మార్చకుండా రాయండి

కొత్తది ఏదైనా మొదలుపెట్టే ముందు ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఫోన్ కన్నా కాగితమే మేలు, మంచం పక్కనే ఉంటుంది. రోజూ ఒకే సమయంలో నాలుగు విషయాలు రాయండి: 0 నుంచి 10లో నొప్పి ఎంత, రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎంత దూరం నడవగలిగారు, ఆ రోజు ప్రత్యేకంగా ఏం జరిగింది. అమ్మ పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది: "మంగళవారం. 7. మూడుసార్లు లేచాను. నడక పది నిమిషాలు. మనవడికి జ్వరం, టెన్షన్."

ఇదెందుకంటే, నరాల నొప్పి అలల్లా వస్తుంది. ఓర్చుకోలేని స్థాయికి పెరిగినప్పుడే మనం కొత్త మందు కొంటాం. అల ఎలాగూ దిగుతుంది. దిగినప్పుడు ఆ ఘనతంతా మందుకు పోతుంది. దీనికి తోడు, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినా చాలామందికి నొప్పి కొంత తగ్గుతుందని పరిశోధనల్లో పదేపదే చూశారు. ముందటి రెండు వారాల లెక్క చేతిలో ఉంటే ఈ పొరపాటు చాలావరకు తప్పుతుంది.

నొప్పి పరిశోధకులు ఒక కొలత వాడతారు. నొప్పి 30 శాతం, అంటే పది పాయింట్ల కొలతలో సుమారు రెండు పాయింట్లు తగ్గితే దాన్ని మనిషికి నిజంగా తేడా తెలిసే తగ్గుదలగా లెక్కిస్తారు. 7 నుంచి 5కి వస్తే అది విజయమే. సున్నా కోసం ఎదురుచూస్తూ 5ని చిన్నచూపు చూడకండి. అమ్మకు 5 అంటే గుడిసెలో వాన ఆగినట్టు కాదు గానీ, గొడుగు దొరికినట్టు.

3. సొరుగు ఖాళీ చేయండి

కొత్తది చేర్చే ముందు ఇప్పటికే మింగుతున్నవన్నీ బల్ల మీద పెట్టండి. ప్రతి లేబుల్ మీద ఒక పేరు వెతకండి: విటమిన్ బి6. పైరిడాక్సిన్ అనీ, పైరిడాక్సాల్ ఫాస్ఫేట్ అనీ కూడా రాసి ఉంటుంది.

బి6 నరాలకు అవసరమే. కానీ మోతాదు ఎక్కువై నెలల తరబడి వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది. అప్పుడు వచ్చే తిమ్మిర్లు, మంట మనం దేనికోసం ఆ మాత్ర వేసుకున్నామో అచ్చం అలాగే ఉంటాయి. దాంతో మనిషి ఇంకో మాత్ర పెంచుతాడు. అమెరికాలో పెద్దవాళ్లకు గరిష్ఠ పరిమితి రోజుకు 100 మిల్లీగ్రాములు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో దాన్ని 12 మిల్లీగ్రాములుగా నిర్ణయించింది. ఈ రెండు అంకెల మధ్య తేడా చూస్తేనే ఎంత జాగ్రత్త అవసరమో తెలుస్తుంది. అమ్మ ఏడు డబ్బాల్లో మూడింటిలో బి6 ఉంది. ఒకటి నరాల బలానికి, ఒకటి బి కాంప్లెక్స్, ఒకటి నీరసానికి. విడివిడిగా చూస్తే ఏదీ అనుమానం కలిగించదు. మూడూ కాగితం మీద కూడితే గుండె గుభేల్మంది. ఎక్కువ మోతాదు ఆపిన తర్వాత కూడా కొన్ని వారాలు లక్షణాలు పెరిగి, ఆ తర్వాతే తగ్గుముఖం పట్టవచ్చు. కాబట్టి ఆపగానే తేడా రాలేదని మళ్లీ మొదలుపెట్టకండి. డాక్టర్ రాసిన మాత్రలో బి6 ఉంటే మాత్రం ఆయనకు చూపించాకే మార్చండి.

తర్వాత జింక్ చూడండి. ఎక్కువ జింక్‌ను చాలాకాలం తీసుకుంటే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. రాగి లోపం వెన్నుపామును, నరాలను దెబ్బతీసి నడక తూలేలా చేస్తుంది. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ నరాలకు హాని చేయదు కానీ, థైరాయిడ్ వంటి కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుంది. పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో ల్యాబ్‌ని అడగండి.

ఇక లేబుల్ లేని పొడులు, పొట్లాలు, లోహ భస్మాలు. సీసం, పాదరసం, ఆర్సెనిక్ మూడూ నరాలకు విషాలే. 2004లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మూలికా ఉత్పత్తుల్లో 14లో ఈ లోహాలు దొరికాయి. మూలికావైద్యం మొత్తం చెడ్డదని దీనర్థం కాదు. లోపల ఏముందో రాసి లేనిదాన్ని, పరీక్షించని దాన్ని దెబ్బతిన్న నరాలున్న మనిషి మింగకూడదు, అంతే. రెండు రోజుల్లో నొప్పి మాయమైపోయే పొడి దొరికితే మరీ అనుమానించండి. అలాంటివాటిలో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు చాలా బయటపడ్డాయి.

4. లోపం ఉంటే దాన్ని పూడ్చండి: బి12

సప్లిమెంట్లలో నేను గట్టిగా నమ్మేది ఇదొక్కటే, అదీ లోపం ఉన్నప్పుడు. నరాల చుట్టూ ఉండే మైలిన్ తొడుగు నిలబడాలంటే బి12 కావాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో, గ్యాస్ తగ్గించే ఒమెప్రజోల్ తరహా మందులు చాలాకాలంగా వేసుకునేవాళ్లలో, పొట్టకు ఆపరేషన్ అయినవాళ్లలో, వయసు పైబడినవాళ్లలో, జంతు సంబంధ ఆహారం అసలు తీసుకోనివాళ్లలో ఇది తగ్గుతుంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్న మనిషికి కాళ్ల మంటలు వస్తే, అది షుగర్ వల్లే అని అందరూ తీర్మానించేస్తారు. సగం తప్పు బి12ది అయి ఉండొచ్చు.

మాత్ర వేసుకోవడానికి ముందే రక్తపరీక్ష చేయించండి. వేసుకున్నాక చేయిస్తే అంకె పెరిగి అసలు పరిస్థితి మరుగున పడుతుంది. చాలా ల్యాబుల్లో మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కన్నా తక్కువుంటే లోపం అంటారు. 200, 300 మధ్య ఉంటే అనుమానమే, అప్పుడు మిథైల్‌మలోనిక్ యాసిడ్ పరీక్ష తేల్చి చెబుతుంది. నరాల లక్షణాలు ఉన్నవాళ్లకు సాధారణంగా ఇంజెక్షన్లతో మొదలుపెడతారు. తర్వాత రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్ర చాలామందికి సరిపోతుంది. మింగినదాంట్లో సుమారు 1 శాతమే పేగు నేరుగా పీల్చుకోగలదు కాబట్టి అంత పెద్ద మోతాదు ఇస్తారు. మిథైల్‌కోబాలమినా, సయనోకోబాలమినా అని తల పట్టుకోకండి, లోపం రెండూ తీరుస్తాయి. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువగా వేసుకుంటే రక్తహీనత సరైపోయినట్టు కనిపిస్తుంది, లోపల నరాల నష్టం మాత్రం సాగుతూనే ఉంటుంది.

ఓపిక ఎందుకు కావాలో ఒక చిన్న లెక్క చెబుతుంది. దెబ్బతిన్న నరం మళ్లీ పెరిగితే రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. నడుము నుంచి కాలివేళ్ల దాకా ఉన్న తంతువు పొడవు దాదాపు ఒక మీటరు. అందుకే తిమ్మిర్లు ముందుగా వేళ్లలోనే మొదలవుతాయి, బాగుపడేటప్పుడు కూడా అవే చివరిదాకా ఉంటాయి. వారంలో తేడా రాలేదని నిరాశపడకండి.

5. మిగతా సప్లిమెంట్లు: ఆశ ఎంత, ఆధారం ఎంత

ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ గురించి అందరికన్నా ఎక్కువ వింటారు. షుగర్ వల్ల వచ్చే నరాల నొప్పిలో దీన్ని రక్తనాళంలోకి ఎక్కించిన ప్రయోగాల్లో కొన్ని వారాల పాటు మంట తగ్గింది. 2006లో వచ్చిన సిడ్నీ 2 అనే ప్రయోగంలో 600, 1200, 1800 మిల్లీగ్రాముల మాత్రలు ఐదు వారాలు ఇచ్చి చూశారు. మూడూ కొంత పనిచేశాయి. పెద్ద మోతాదుల వల్ల అదనంగా వచ్చింది వాంతి, వికారమే. కాబట్టి 600 దాటాల్సిన పని లేదు. కానీ 2024లో కొక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష ఆరు నెలలు, ఆపైన సాగిన ప్రయోగాలను కలిపి చూసి, లక్షణాల్లో తేడా బహుశా చాలా స్వల్పం లేదా ఏమీ ఉండదని తేల్చింది. ఇవన్నీ చదివాక నా అభిప్రాయం ఇది: డాక్టర్ ఒప్పుకుంటే 600 మిల్లీగ్రాములు పరగడుపున, ఎనిమిది నుంచి పన్నెండు వారాలు చూడండి. పుస్తకంలో రెండు పాయింట్లు తగ్గకపోతే ఆపేయండి. షుగర్ మందులు వాడేవాళ్లకు షుగర్ పడిపోయే అవకాశం ఉంది, మొదట్లో తరచుగా చూసుకోవాలి.

బెన్‌ఫోటియమిన్ అంటే బి1కే కొవ్వులో కరిగే రూపం. చిన్న ప్రయోగాల్లో కొంత మేలు కనిపించింది, అన్నిటిలోనూ కాదు. మద్యం వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లలో బి1 లోపం మామూలే కాబట్టి అక్కడ దానికి అర్థం ఉంది, అయితే మద్యం మానకుండా వేసుకుంటే అర్థం లేదు.

అసిటైల్ ఎల్ కార్నిటిన్ విషయంలో కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు చాలా జాగ్రత్తగా ఉండాలి. రొమ్ము క్యాన్సర్‌కు ట్యాక్సేన్ మందులు తీసుకుంటున్న మహిళలకు, నరాలు దెబ్బతినకుండా ఉంటాయేమోనని దీన్ని ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2013లో వచ్చాయి. అది వేసుకున్నవాళ్లకే నరాల నష్టం ఎక్కువైంది. "విటమిన్ లాంటిదే కదా, పోయేదేముంది" అనే మాటకు నేను చూపించే ఉదాహరణ ఇదే. క్యాన్సర్ చికిత్సలో ఉన్నప్పుడు ఏ సప్లిమెంట్ అయినా ఆంకాలజిస్ట్‌కు చెప్పకుండా ముట్టుకోవద్దు.

విటమిన్ డి తక్కువుంటే సరిచేసుకోవాలి, తక్కువ లేకపోతే అదనంగా వేసుకోవడంలో లాభం లేదు. మెగ్నీషియం, చేపనూనె, పసుపులోని కర్క్యుమిన్‌లకు నరాల నొప్పిలో గట్టి ఆధారం లేదు. మెగ్నీషియం ఎవరైనా వేసుకుంటే కిడ్నీ పరీక్ష చూసుకుని వేసుకోవాలి.

6. చర్మం మీద రాసేవి

నన్ను అడిగితే చాలామందికి మాత్రలకన్నా ముందు ప్రయత్నించదగ్గది ఇదే. నొప్పి ఒకచోటే ఉంటే మందు ఒళ్లంతా తిరగాల్సిన అవసరం ఏముంది?

మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ చర్మంలోని నరాల చివరల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే ద్వారాన్ని తెరుస్తుంది. వేడిని పసిగట్టేది కూడా అదే ద్వారం, కాబట్టే కారం తగిలితే కాలినట్టు ఉంటుంది. దాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ద్వారాన్ని మళ్లీ మళ్లీ తట్టి లేపితే, ఆ నరాల చివరలు అలిసిపోయి కొంతకాలం స్పందించడం మానేస్తాయి. క్రీమ్ పనిచేసేది ఆ విధంగానే.

మామూలు క్రీములు 0.025, 0.075 శాతంలో ఉంటాయి. రోజుకు మూడు నాలుగు సార్లు, వదలకుండా రాయాలి. మొదటి వారం, పది రోజులు మంట పెరుగుతుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. అప్పుడప్పుడూ రాస్తే మంట మాత్రమే మిగులుతుంది, లాభం రాదు. రాసేటప్పుడు చేతికి గ్లవ్ వేసుకోండి. అమ్మకు మొదటిసారి రాసి, చేయి సబ్బుతో కడుక్కున్నాననే అనుకుని, అరగంట తర్వాత కన్ను నలుపుకున్నాను. ఆ సాయంత్రమంతా ఆ కన్ను తెరవలేకపోయాను. వేడినీళ్ల స్నానానికి ముందూ వెనకా రాయకండి, పుండు ఉన్న చర్మం మీద అసలు రాయకండి. నాలుగు నుంచి ఆరు వారాలు సరిగా రాశాకే పనిచేసిందో లేదో తేల్చండి.

ఇదే మందు 8 శాతం ప్యాచ్‌గా కూడా ఉంది, కానీ ఇంట్లో వాడేది కాదు. ఆస్పత్రిలో పాదాలకు 30 నిమిషాలు, ఇతర చోట్ల 60 నిమిషాలు అంటించి తీసేస్తారు. పనిచేసినవాళ్లకు ఉపశమనం మూడు నెలల దాకా ఉంటుంది. సర్పి తగ్గాక మిగిలే నొప్పికి 5 శాతం లిడోకైన్ ప్యాచ్ కూడా మంచిదే: 12 గంటలు అంటించి, 12 గంటలు తీసేయాలి.

7. టెన్స్ మెషీన్, ఆక్యుపంక్చర్

దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే నొప్పి తగ్గుతుంది కదా. స్పర్శ సంకేతాలు వెన్నుపాము దగ్గర నొప్పికి తలుపు మూస్తాయని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఆ ఆలోచన మీద వచ్చిందే టెన్స్. చర్మానికి ప్యాడ్లు అంటించి చిన్న కరెంటు పంపుతుంది. బాగా జిలజిలమనాలి, నొప్పి మాత్రం పుట్టకూడదు. అరగంట చొప్పున రోజుకు ఒకటి రెండుసార్లు చూడండి. స్పర్శ పూర్తిగా పోయినచోట ప్యాడ్ పెట్టకండి, కాలినా తెలియదు. స్పర్శ ఉన్న పక్క భాగంలో పెట్టాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడకూడదు. మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా వాడకూడదు. గొంతు ముందు భాగంలో ఎవరూ పెట్టకూడదు. కొనే ముందు ఫిజియోథెరపిస్ట్ దగ్గర రెండు మూడు సార్లు పెట్టించుకుని చూడటం తెలివైన పని.

ఆక్యుపంక్చర్ మీద నరాల నొప్పిలో ఆధారం చాలదని కొక్రేన్ సమీక్ష 2017లో చెప్పింది. కొందరికి ఉపశమనం దొరుకుతుంది, అది కాదనను. వెళితే కొత్త సూదులు మీ ఎదుటే విప్పుతున్నారో లేదో చూడండి. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ లేనివాళ్లు పాదాలకు సూదులు వేయించుకోకపోవడమే మంచిది.

8. కదలిక, స్పర్శకు అలవాటు చేయడం, అద్దం

నడక గురించి అందరూ చెబుతారు కాబట్టి మామూలుగా తీసేస్తాం. షుగర్ ఉన్నవాళ్లలో, షుగర్ రాబోయే దశలో ఉన్నవాళ్లలో క్రమంగా వ్యాయామం చేశాక చర్మంలోని సన్నని నరాల తంతువులు మళ్లీ పెరిగినట్టు బయాప్సీల్లో చూశారు. ఈ మాట చెప్పగల మాత్ర నాకు కనిపించలేదు. పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి రెండేసి నిమిషాలు పెంచండి. నిలబడటమే కష్టమైతే కూర్చునే సైకిల్, ఈత ఉన్నాయి. పట్టు తప్పేవాళ్లకు తాయ్ చీ లాంటి నెమ్మది కదలికలు పడిపోయే ప్రమాదం తగ్గిస్తాయి.

తాకితేనే భగ్గుమనే చర్మానికి ఇంకో పద్ధతి ఉంది, ఖర్చు లేనిది. మెత్తని పట్టుగుడ్డ తీసుకుని నొప్పి మొదలయ్యే అంచుకు కాస్త బయటినుంచి లోపలికి, రెండు నిమిషాలు నెమ్మదిగా రుద్దండి. రోజుకు నాలుగైదు సార్లు. అది ఓర్చుకోగలిగాక దూది, తర్వాత నూలుగుడ్డ, తర్వాత టవల్. ఒక్కో బట్టకు వారం పట్టినా ఫరవాలేదు. ఈ స్పర్శ ప్రమాదం కాదని మెదడుకు కొంచెం కొంచెంగా నేర్పడమే ఇది. అమ్మ దూది దగ్గర మూడు వారాలు ఆగిపోయింది. టవల్ దాకా వచ్చిన రోజు తనే తుడుచుకుని చూపించింది.

కాలో చెయ్యో తీసేశాక లేని అవయవంలో నొప్పి వచ్చేవాళ్లకు 1990లలో వి.ఎస్. రామచంద్రన్ ఒక అద్దం పెట్టె తయారుచేశారు. ఉన్న చేతిని అద్దం ముందు కదిలిస్తే, లేని చెయ్యి కదిలినట్టు కళ్లకు కనిపిస్తుంది. బిగుసుకుపోయిన ఆ ఊహా చేతికి కొందరిలో పట్టు సడలి నొప్పి తగ్గుతుంది. ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుని ఇంట్లో రోజూ చేసుకోవచ్చు.

వేడినీళ్లలో కాళ్లు పెట్టడం, హీటింగ్ ప్యాడ్, ఐస్ ముక్కలు: స్పర్శ తగ్గిన కాళ్లకు మూడూ ప్రమాదమే. నీళ్లను మోచేత్తో చూడండి, పాదంతో ఎప్పుడూ చూడకండి.

9. నిద్ర, మనసు

నిద్ర లేని రాత్రి మర్నాటి నొప్పిని పెంచుతుంది, ఆ నొప్పి ఆ రాత్రి నిద్రను తినేస్తుంది. అట్టపెట్టె గూడు అందుకే రాశాను. వదులు మేజోళ్లు, చల్లని గది, ఒకే వేళకు పడుకోవడం ఇవన్నీ చికిత్సే. నొప్పి కోసం రూపొందించిన సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే) కౌన్సెలింగ్, ధ్యాన శిక్షణ నొప్పి అంకెను కొద్దిగానే తగ్గిస్తాయి. కానీ దాని చుట్టూ ఉండే భయాన్ని, దిగులును బాగా తగ్గిస్తాయి. డాక్టర్ కౌన్సెలింగ్ అన్నారంటే మీ నొప్పి నమ్మలేదని కాదు. మెదడు కూడా నరాలే.

10. ప్రయోగం నడిపే పద్ధతి

ఒకసారి ఒక్కటే మొదలుపెట్టండి. మొదలుపెట్టిన రోజే ఆపే తేదీ కూడా పుస్తకంలో రాయండి. ఆ తేదీన ముందటి రెండు వారాల సగటును, చివరి రెండు వారాల సగటును పక్కపక్కన పెట్టండి. రెండు పాయింట్లు తగ్గిందా, లేదా నిద్ర, నడక స్పష్టంగా మెరుగయ్యాయా? అయితే ఉంచండి. లేకపోతే ఆపి, రెండు వారాలు ఆగి, తర్వాతది. సందేహంగా ఉంటే ఆపి చూడండి. నొప్పి తిరిగొస్తే అది నిజంగానే పనిచేస్తూ ఉండొచ్చు.

నరాల నొప్పికి డాక్టర్ రాసిన ప్రెగాబలిన్, గాబాపెంటిన్, డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి ఒక్కసారిగా ఆపకండి. నెమ్మదిగా తగ్గించాలి, అదీ డాక్టర్ చెబితేనే. గాబాపెంటిన్‌కు, మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్‌కు రెండు గంటల ఎడం పాటించండి, లేకపోతే మందు ఒంటికి పట్టడం తగ్గుతుంది. డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్, ట్రమడాల్ వాడుతున్నవాళ్లు సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక, 5-హెచ్‌టీపీ అనే సప్లిమెంట్ జోలికి వెళ్లకండి, సెరటోనిన్ అనే మెదడు రసాయనం ప్రమాదకరంగా పెరగవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు జింకో అనే మూలిక, ఎక్కువ మోతాదు చేపనూనె, కర్క్యుమిన్ మాత్రలు రక్తస్రావం ముప్పు తెస్తాయి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పేర్లు గుర్తుంచుకుని చెప్పడం కన్నా డబ్బాలన్నీ సంచిలో వేసుకెళ్లడం సులువు.

11. నొప్పి తగ్గినప్పుడు స్పర్శ చూడండి

ఇది చాలామందికి ఎవరూ చెప్పరు. మంట తగ్గిందంటే నరం బాగుపడి ఉండొచ్చు, లేదా పూర్తిగా మొద్దుబారి ఉండొచ్చు. తేడా తెలుసుకోవడానికి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఉంది. మనిషిని కళ్లు మూసుకుని పడుకోమనండి. మీ చూపుడువేలి కొసతో రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను ఒక్కోదాన్ని ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకండి. నొక్కకండి, రుద్దకండి, తాకేముందు చెప్పకండి. తెలిసినప్పుడల్లా కుడి, ఎడమ అని చెప్పమనండి. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. అప్పుడు రోజూ రాత్రి పాదాల కింద, వేళ్ల సందుల్లో చూడాలి, చెప్పుల్లో చేయి పెట్టి తడిమాకే తొడుక్కోవాలి, ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగకూడదు. డాక్టర్‌కు ఆ వారమే చూపించాలి. అమ్మకు నెలకోసారి, ఒకటో తారీఖున చేస్తాను. పోయిన నెల ఆరింటిలో ఐదు చెప్పింది. ఎడమ చిటికెనవేలు మాత్రం ఇంకా తెలియడం లేదు.